వెబ్‌సైట్లు చేసే కుర్రవాడికి సొంత గుమ్మం కావాలి

పెళ్ళిచూపుల దగ్గర నుంచి రచ్చబండ దాకా, చదువుకున్న కుర్రవాడిని ఊళ్ళో అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఏ కంపెనీ, బాబూ?" పేరున్న కంపెనీ అయితే సరే. "కంపెనీ ఏమీ లేదు బాబాయ్, ఇంటి దగ్గరే కూర్చుని వెబ్‌సైట్లు చేస్తున్నాను" అన్నాడో, అడిగిన పెద్దమనిషి ఒక్క క్షణం మౌనం వహిస్తాడు. "పోనీలే, మంచి ఉద్యోగం ఏదన్నా చూసుకోరాదూ" అని సానుభూతి పలికి సాగిపోతాడు. కొడుకు ఇంజనీరింగు చదువుకోసం అరెకరం అమ్ముకున్న ఇంట్లో ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది.

అసలు వడ్రంగికి ఏ కంపెనీ వున్నది? తాపీమేస్త్రీకి ఏ కంపెనీ వున్నది? వారిని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. కారణం, వారి పని పదిమంది కళ్ళ ఎదుట వుంటుంది. నగిషీ చెక్కిన ద్వారబంధం చూపి ఇది ఫలానావారి చేతిపని అంటారు. వెబ్‌సైటు చేసినవాని పని అలా కాదు. మంగళగిరి చీరలమ్మే దుకాణానికో, గుంటూరు మిర్చి వ్యాపారికో వాడు చక్కటి వెబ్‌సైటు చేసి పెట్టవచ్చు. చూసేవారికి చీర కనిపిస్తుంది, మిర్చి కనిపిస్తుంది, వాడు మాత్రం కనిపించడు. చిక్కంతా ఇక్కడే వున్నది. ఈ చిక్కు విడిపోవాలంటే తనకంటూ, తన పేరు మీద, ఒక వెబ్‌సైటు వుండాలి. ఊరందరికీ ఇళ్ళు కట్టి తాను చెట్టుకింద నిద్రపోయే మేస్త్రీల్లా వున్నారు ఈ కుర్రవాళ్ళలో చాలామంది.

సొంత వెబ్‌సైటు మనిషి బ్రతుకును ఎంతగా మార్చగలదో అమెరికాలో జెఫ్రీ జెల్డ్‌మన్ వృత్తి జీవితం చూస్తే తెలుస్తుంది. న్యూయార్కులో ఆయన వ్యాపార ప్రకటనలకు మాటలు రాసేవాడు. కంప్యూటరు ఇంజనీరు కాదు. 1995లో 'బాట్‌మన్ ఫరెవర్' అనే సినిమాకు వెబ్‌సైటు చేసే పని తగిలింది. అప్పటికి ఆ విద్య నేర్పే బడులు లేవు. చేస్తూ నేర్చుకోవడమే. ఆ ఏడే తన పేరు మీద సొంత వెబ్‌సైటు ఒకటి తెరిచాడు. తాను నేర్చుకున్నదంతా అందులో పాఠాలుగా రాసి, అడిగినవారికీ అడగనివారికీ ఉచితంగా పంచాడు. విద్య దాచుకుంటేనే గిరాకీ అనుకునేవారికి ఇది తెలివితక్కువ పనిగా తోచవచ్చు. జరిగింది వేరు. ఆ పాఠాలు చదివినవారే ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. 1998లో 'ఎ లిస్ట్ అపార్ట్' అనే వెబ్ పత్రిక, 1999లో 'హ్యాపీ కాగ్' అనే సొంత సంస్థ, 2003లో ఈ పనివారు చాలామంది చదివిన పుస్తకం, ఇవన్నీ ఆ ఒక్క గుమ్మంలోంచి వచ్చినవే.

ఆయన చేసిన మరో పని తెలుగువారికి కూడా సంబంధించినదే. 1990ల చివర నెట్‌స్కేపు, మైక్రోసాఫ్టు కంపెనీలు తమ బ్రౌజర్లను ఎవరికి తోచినట్టు వారు తయారు చేశాయి. ఒకదానిలో చక్కగా కనిపించిన పేజీ రెండోదానిలో చెదిరిపోయేది. వెబ్‌సైటు చేసేవాడు ఒకే పనిని రెండుసార్లు చేయవలసి వచ్చేది. అందరూ ఒకే ప్రమాణాలను పాటించాలని 1998లో 'వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టు' అనే బృందాన్ని స్థాపించినవారిలో జెల్డ్‌మన్ ఒకరు. ఒక గ్రామంలో ఒక మానిక, పక్క గ్రామంలో మరో మానిక వుంటే ధాన్యం అమ్మేవాడి గతి ఏమిటో రైతులకు చెప్పనక్కరలేదు.

తెలుగు కూడా ఇదే బాధ పడింది. మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లకు ఒక్కొక్కదానికి ఒక్కో ఫాంటు వుండేది. ఆ ఫాంటు దింపుకోని కంప్యూటరులో తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపించేవి. అందరూ ఒప్పుకున్న యూనికోడు వాడుకలోకి వచ్చాకనే ఇవాళ పొలం గట్టు మీద నిలబడి ఫోనులో తెలుగు చదవడం సాధ్యమైంది. అదే ఫోను తెరకు తగినట్టు పేజీ తనంతట తాను సర్దుకొనే పద్ధతిని ఈథన్ మార్కోట్ వివరించింది కూడా 2010లో, జెల్డ్‌మన్ పత్రికలోనే.

"ఫేస్‌బుక్కులో పేజీ వున్నది, ఇన్‌స్టాగ్రాములో ఖాతా వున్నది, ఇంకా సొంతది దేనికి?" అని కుర్రవాళ్ళు అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు ఆర్కుట్ జవాబు చెబుతుంది. ఒకప్పుడు ఊరి కాలేజీ కుర్రాళ్ళంతా అందులోనే వుండేవారు. 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అంతకుముందు జియోసిటీస్ అనే చోట లక్షలాదిమంది సొంత పేజీలు కట్టుకున్నారు. 1999లో దానిని యాహూ కొన్నది, 2009 అక్టోబరులో మూసివేసింది. అద్దె ఇంటికి ఎంత వెల్ల వేసినా ఖాళీ చేయమన్న రోజున చేయవలసిందే. పనులు ఇప్పించే ఫ్రీలాన్సు సైట్ల సంగతీ అంతే. కొత్తలో నాలుగు పనులు దొరుకుతాయి, వాటిని వాడుకోవడం తప్పు కాదు. కాని సంపాదనలో కొంత వారికి పోతుంది. అక్కడ కూడబెట్టిన మంచిపేరు అక్కడే వుంటుంది. ఖాతా ఆపివేస్తే చేతిలో మిగిలేది ఏమీ లేదు.

సొంత వెబ్‌సైటుకు అయ్యే ఖర్చు పెద్దది కాదు. 2005 నుంచి '.ఇన్'తో ముగిసే పేరును ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. ఏడాదికి కొన్ని వందల రూపాయలు. తెలుగు అక్షరాలలోనే '.భారత్'తో ముగిసే పేర్లు కూడా వున్నాయి. చిన్న వెబ్‌సైటును ఉచితంగా నిలిపివుంచే చోట్లూ వున్నాయి. కావలసింది డబ్బుకంటె ఓపిక. చాలామంది కట్టేదేమిటంటే, మెరిసే బొమ్మలు, నేర్చిన విద్యల చిట్టా, పక్కన నూటికి ఇన్ని మార్కులని తమకు తామే వేసుకున్న గీతలు. పని ఇచ్చేవాడికి ఆ మార్కులతో పని లేదు. ఫలానా బియ్యం మిల్లువారికి ఏమి కావలసి వచ్చింది, ఎక్కడ తిప్పలు వచ్చాయి, ఎలా తీర్చారు అన్నది మామూలు మాటల్లో పది వాక్యాలు రాస్తే చాలు. తెలుగులో రాస్తే మరీ మంచిది. ఈ విద్యను తెలుగులో చెప్పేవారు ఇంకా తక్కువే గనుక చదివేవారు దొరుకుతారు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి అడిగిన కోడు నిమిషంలో రాసి ఇస్తున్నది, ఇక ఈ వృత్తి ఎక్కడిదన్న భయం పట్టుకున్నది. అది ఉత్త భయం అనడానికి వీల్లేదు. నాలుగు పేజీల మామూలు వెబ్‌సైటుకు గిరాకీ తగ్గకమానదు. అయితే మిల్లు యజమాని తనకు ఏమి కావాలో తానే సరిగా చెప్పలేడు. ఆయన ఎదురుగా కూర్చుని, టీ తాగుతూ, మాటల్లో రాబట్టవలసి వుంటుంది. ఆ పని చేయగల మనిషి ఎవరో నలుగురికీ తెలియాలంటే వాడికి సొంత గుమ్మం మునుపటికంటె ఇప్పుడే ఎక్కువ అవసరం.

పని చేయించుకునేవారు తెలుసుకోవలసిన సంగతులు రెండు వున్నాయి. ఒకటి, దుకాణం పేరును కుర్రవాడు తన ఖాతాలో నమోదు చేస్తే చట్టం దృష్టిలో అది వాడి పేరు మీదనే వుంటుంది. రేపు వాడు ఊరు మారినా, మాట మారినా, దుకాణదారుకు తన బోర్డు తన చేతిలో వుండదు. పేరును యజమాని పేరు మీదనే, ఆయన ఫోను నెంబరుతోనే నమోదు చేయించాలి. కోడు విషయం కూడా కాగితం మీద పెట్టుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగి కానివాడు రాసిన దానిపై, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు రాసినవానిదే.

రెండవది డబ్బు సంగతి. ఇది మరింత ముఖ్యం. "సంక్రాంతి పోనీ అబ్బాయ్", "పంట డబ్బులు రానీ" అని నెలల తరబడి తిప్పించడం పరిపాటి అయింది. మేనమామ వరస అయితే అడగడానికే మొగమాటం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ఈ కుర్రవాడికి అండగా వున్నది. ఆధారు, పాన్ కార్డులతో ఉద్యమ్ నమోదు ఉచితంగా చేసుకోవచ్చు. నమోదు చేసుకున్న సూక్ష్మ సంస్థకు పని చేయించుకున్నవారు, ఒప్పందం వుంటే అందులోని గడువులోగా, అదీ 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు వినడానికి ఫెసిలిటేషన్ కౌన్సిలు వున్నది. మేనమామ మీద కౌన్సిలుకు ఎవరూ ఎక్కరు, నిజమే. పని మొదలుపెట్టే ముందే సగం సొమ్ము తీసుకుని, మిగతాదానికి తేదీ వేసి సంతకం పెట్టించుకుంటే అంత దూరం పోనక్కరలేదు. సంతకం అడిగిన మేనల్లుడి మీద అలగని మేనమామలు పెరగాలి.

నమోదు చేసుకున్న పేరుకు గడువు తేదీ వుంటుందన్న సంగతి చాలామంది మరచిపోతారు. సకాలంలో డబ్బు కట్టకపోతే ఆ పేరును మరొకరు పట్టుకుపోవచ్చు. జెల్డ్‌మన్ 1995లో తెరిచిన గుమ్మం ముప్పై ఏళ్ళు దాటినా ఆయన పేరు మీదనే వున్నది. కరెంటు బిల్లు, పాలవాడి లెక్క రాసుకునే గోడ క్యాలెండరులోనే ఆ తేదీ కూడా ఎర్రసిరాతో గుర్తు పెట్టుకుంటే, ఇంట్లో అమ్మయినా జ్ఞాపకం చేస్తుంది.