సీమకు పాత రియాక్టర్లు వద్దు

కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి పారిశ్రామిక నగరాలకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. రెండూ కలిపి 5 వేల ఎకరాల పైమాటే. రేపు అక్కడికి మందుల కంపెనీలు వస్తామంటే, పెట్టుబడి, ఉద్యోగాల లెక్కలతో పాటు ప్రభుత్వం ఒక ప్రశ్న తప్పక అడగాలి. తయారీ బ్యాచ్ పద్ధతిలోనా, నిరంతర పద్ధతిలోనా? నీటికి కటకటలాడే సీమకు దీని జవాబు చాలా ముఖ్యం.

మన బల్క్ డ్రగ్ కర్మాగారాలు చాలావరకు బ్యాచ్ పద్ధతిలోనే నడుస్తున్నాయి. వేల లీటర్ల రియాక్టర్‌లో సాల్వెంటు నింపుతారు. హెల్పర్లు పైమూత తీసి బస్తాల్లోని ముడిసరుకు పోస్తారు. జాకెట్‌లోకి ఆవిరి వదిలి గంటల తరబడి కలియబెడతారు. శాంపిల్ నాణ్యత పరీక్షకు (క్యూసీ) వెళుతుంది, రిపోర్టు వచ్చేదాకా సరుకు కదలదు. తర్వాత సెంట్రిఫ్యూజ్, ఆపైన డ్రయ్యర్. దశ దశకూ ఇదే తంతు. మరో మందుకు మారాలంటే రియాక్టర్లు, పైపులు అన్నీ కడగాలి. ఆ కడుగునీటిని శుద్ధి చేయకుండా వదిలితే ఏమవుతుందో పటాన్‌చెరు పరిసరాల రైతులకు కలుషితమైన నక్కవాగు చూపించింది.

నిరంతర పద్ధతి ఎలా ఉంటుందో ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలను ఎరిగినవారు సులువుగా ఊహించగలరు. కిల్న్‌లోకి ఒకవైపు సున్నపురాయి పొడి పడుతూనే ఉంటుంది, మరోవైపు క్లింకరు వస్తూనే ఉంటుంది. మందుల తయారీలో ఆ పని సన్నని గొట్టాలు చేస్తాయి. పంపులు ద్రావణాలను కొలిచి పంపితే, అవి గొట్టంలో కలిసి, చాలా సందర్భాల్లో నిమిషాల్లోనే చర్య ముగించుకుంటాయి. సెన్సర్లు నాణ్యతను ఎప్పటికప్పుడు చూస్తుంటాయి. తేడా వస్తే ఆ కాస్త సరుకునే పక్కకు మళ్లిస్తారు.

గొట్టంలో ఏ క్షణాన చూసినా పదార్థం కొద్దిగానే ఉంటుంది, వేడి త్వరగా బయటికి పోతుంది. అందుకే నైట్రేషన్ వంటి ప్రమాదకర చర్యలను అదుపులో ఉంచడం తేలిక. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా కర్మాగారంలో లీకైన సాల్వెంటు ఆవిరి పేలి 17 మంది ప్రాణాలు పోయాయి. పద్ధతి మారినంత మాత్రాన ఇలాంటి లీకేజీలు ఆగిపోవు. పైపులు, ట్యాంకుల నిర్వహణ ఎప్పుడూ పక్కాగా ఉండాల్సిందే. అయితే పనిస్థలంలో సాల్వెంటు ఎంత తక్కువగా ఉంటే కార్మికుడికి అంత రక్ష.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో వెర్టెక్స్ కంపెనీ ఒర్కాంబి మాత్రలను నిరంతర పద్ధతిలో తయారు చేయడానికి అనుమతించింది. 2016లో జాన్సెన్ తన హెచ్‌ఐవీ మందు ప్రెజిస్టాను బ్యాచ్ నుంచి ఈ పద్ధతికి మార్చుకుంది. 2022 నవంబరులో నిరంతర తయారీపై అంతర్జాతీయ మార్గదర్శకం క్యూ13 ఖరారైంది. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో ఫ్లో కెమిస్ట్రీ కేంద్రం ఏర్పాటుకు తెలంగాణ ప్రభుత్వంతో పాటు డాక్టర్ రెడ్డీస్, లారస్ ల్యాబ్స్ చేయి కలిపాయి.

అయినా మార్పు నెమ్మదిగానే సాగుతోంది, దానికి కారణాలున్నాయి. ఉన్న రియాక్టర్ల మీద పెట్టిన డబ్బు ఎవరూ వదులుకోరు. అనుమతి పొందిన ప్రక్రియను మార్చాలంటే నియంత్రణ సంస్థలకు మళ్లీ దరఖాస్తు చేయాలి. గడ్డకట్టే పదార్థాలతో గొట్టాలు పూడుకుపోతాయి. తక్కువ మోతాదులో పది రకాల మందులు చేసే చిన్న కంపెనీకి బ్యాచే గిట్టుబాటు. ఓర్వకల్లు, కొప్పర్తిలకు వచ్చే కొత్త కర్మాగారాలకు మాత్రం పాత యంత్రాల బరువు ఉండదు. సీమకు కలిసొచ్చే అంశం ఇదే.

ఉద్యోగాల సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. ఈ పద్ధతిలో బస్తాలు మోసే హెల్పర్ల అవసరం తగ్గి, ప్రాసెస్ కంట్రోల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ తెలిసినవారి అవసరం పెరుగుతుంది. సిమెంటు కిల్న్‌లను, కర్నూలు శివారు గొందిపర్లలో కాస్టిక్ సోడా సెల్స్‌ను రాత్రింబవళ్లు నడిపిన ఆపరేటర్లు ఇక్కడే ఉన్నారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎం, జిల్లాల్లోని ఐటీఐలు పరిశ్రమతో కలిసి ఇప్పుడే కోర్సులు మొదలుపెడితే మన పిల్లలు హైదరాబాద్, విశాఖలకు వలసపోనక్కర్లేదు.

కేసీ కాలువ చివరి పొలాలకు నీరందక రైతు అల్లాడే చోట పరిశ్రమ వాడే ప్రతి చుక్కకూ లెక్క ఉండాలి. భూమి కేటాయించే ముందే ప్రభుత్వం మూడు షరతులు పెట్టాలి. కిలో మందుకు వాడే నీరు, సాల్వెంటు ఎంతో కంపెనీ బహిరంగంగా ప్రకటించాలి. వ్యర్థజలం చుక్క కూడా గడప దాటకూడదు. నిరంతర పద్ధతికి వీలున్న చర్యలను బ్యాచ్‌లో చేస్తామంటే కారణం చూపాలి. ఈ షరతులకు ఒప్పుకున్నవారికే రాయితీలు ఇవ్వాలి.