పుష్కర స్నానం సరే, కాలువల పూడిక మాటేమిటి?

పుదుచ్చేరి పట్టణానికి పశ్చిమాన విల్లియనూర్ సమీపంలోని తిరుక్కాంచి వద్ద 2023 ఏప్రిల్‌లో శంకరాభరణి నదికి పుష్కరాలు జరిగాయి. గంగానదికి పుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ ఇక్కడా భక్తులు స్నానాలాచరించారు. ఒడ్డున గంగావరాహ నదీశ్వరుడి ఆలయం ఉన్నందున ఇక్కడి స్నానం గంగాస్నానంతో సమానమని స్థానికుల విశ్వాసం. ఒక చిన్న నదికి ఇంతటి గౌరవం దక్కడం సంతోషించదగినదే. అయితే ఆ పన్నెండు రోజులు గడిచాక, మళ్లీ పుష్కరాలు వచ్చేదాకా ఆ నదిని పట్టించుకునేదెవరన్నది అసలు ప్రశ్న.

పుదుచ్చేరి డేట్‌లైన్‌తో పత్రికల డెస్కులకు చేరే వార్తల్లో రాజ్‌నివాస్‌కూ మంత్రివర్గానికీ మధ్య తగవులుంటాయి, రాష్ట్ర హోదా డిమాండు ఉంటుంది, ఫ్రెంచి వీధుల అందాలుంటాయి. నీటి కాలువల ప్రస్తావన అరుదు. నిజానికి ఈ పట్టణంలోని కుళాయిల్లో వచ్చేది భూగర్భ జలమే. ఆ జలానికి ఆధారం చుట్టుపక్కల చెరువులు. వాటికి ఆధారం రెండు నదులు. సెంజి కొండల ప్రాంతం నుంచి వచ్చే శంకరాభరణి ఒకటి. రెండవది దక్షిణ పినాకిని. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన ఈ నది మన పెన్నకు తోబుట్టువు. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఉరకలెత్తే ఈ నదులు వేసవికి ఇసుక మేటలుగా మిగులుతాయి. వరద ఉన్న ఆ కొద్ది వారాల్లోనే నీటిని కాలువల గుండా చెరువుల్లోకి మళ్లించుకోవాలి. శంకరాభరణి నీరు ఊసుడు చెరువుకూ, దక్షిణ పినాకిని నీరు సొర్ణావూర్ ఆనకట్ట నుంచి బంగారు కాలువ మీదుగా బాహూర్ చెరువుకూ చేరే ఏర్పాటును పూర్వులు చేసి ఉంచారు. కాలువ పూడితే చెరువు నిండదు. చెరువు నిండకపోతే బోర్లు లోతుకు దిగుతాయి. సముద్రతీరాన బోర్లు లోతుకు దిగితే ఉప్పునీరు చొచ్చుకువస్తుంది.

ఈ సంగతి ఇక్కడి ప్రజలకు ఎవరూ చెప్పనక్కరలేదు. బంగారి, శింగారి అనే అక్కచెల్లెళ్లు తమ సంపదను వెచ్చించి కాలువలు తవ్వించారని బాహూర్ ప్రాంతంలో జనశ్రుతి. పట్టణం నడిబొడ్డున భారతి పార్కులో ఉన్న ఆయి మండపం వెనుక మరో కథ ఉంది. దీపాలతో వెలిగిపోతున్న ఆయి అనే దాసి భవనాన్ని శ్రీకృష్ణదేవరాయలు దేవాలయమని భ్రమించి నమస్కరించాడట. నిజం తెలిసి ఆగ్రహించి భవనాన్ని కూల్చమనగా, ఆమె తానే దానిని పడగొట్టి, ఆ స్థలంలో చెరువు తవ్వించిందట. ముత్తిరపాళయం నుంచి పట్టణానికి నీరు తెచ్చినప్పుడు ఫ్రెంచివారు ఆమె పేరిట ఆ మండపం కట్టించారు. ఇది చరిత్రో కల్పనో తేల్చడం పండితుల పని. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నంలో కనిపించేది మాత్రం ఆ మండపమే.

కాలువలు, చెరువుల మరమ్మతు ఒకప్పుడు ఆయకట్టు రైతుల బాధ్యత. కుడిమరామత్తు పేరిట ఏటా ఇంటికొకరు పలుగూ పారా పట్టేవారు. ఫ్రెంచి పాలనలోనూ రైతు సంఘాలకు ఇందులో పాత్ర ఉండేది. విలీనానంతరం ఈ బాధ్యత క్రమంగా ప్రజా పనుల శాఖ చేతికి పోయింది. యూరోపియన్ యూనియన్ సహాయంతో 1999 నుంచి 2008 వరకు అమలైన చెరువుల పునరుద్ధరణ పథకం ఈ ధోరణిని తిరగరాయజూసింది. పుదుచ్చేరి ప్రాంతంలోని 84 చెరువులకూ వినియోగదారుల సంఘాలు ఏర్పాటు చేసి పనులను వారి ద్వారానే చేయించింది. పథకం గడువుతో పాటే నిధులూ ముగిశాయి. ఆ తరువాత కిరణ్ బేడీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న కాలంలో దాతల విరాళాలతో కాలువల పూడిక తీయించారు. మంచి పనే. కానీ విరాళాల సేకరణపై ఆనాటి ముఖ్యమంత్రికీ ఆమెకూ మధ్య వివాదం రేగింది. ఒక అధికారి ఉత్సాహం మీద ఆధారపడిన పని ఆ అధికారి పదవీకాలం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుందన్న భరోసా ఏముంది?

ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎండాకాలంలో మాత్రమే చెల్లించవలసి వస్తుందనుకోవడం పొరపాటు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 48 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. ఆ వెంటనే తమిళనాడులోని సాత్తనూర్ జలాశయం నుంచి 1.68 లక్షల క్యూసెక్కుల నీరు వదలడంతో దక్షిణ పినాకిని ఒడ్డున బాహూర్ ప్రాంతం నీట మునిగింది. అంతటి ప్రవాహాన్ని ఏ కాలువా ఆపలేదు, నిజమే. కానీ సాధారణ వరదను సైతం ఒడిసిపట్టలేని స్థితిలో కాలువలను ఉంచి, అసాధారణ వరదను నిందించి ప్రయోజనం లేదు.

రైతులే అన్నీ చూసుకుంటారనడమూ సబబు కాదు. బంగారు కాలువ తలుపులున్న సొర్ణావూర్ తమిళనాడులో ఉంది. ఎగువన ఇసుక తవ్వినా, నీరు ఆపినా బాహూర్ రైతు చేయగలిగింది లేదు. అందుకు రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోవాలి. ఆ చర్చల్లో రైతు సంఘాలకూ స్థానం కల్పించాలి. దిగువన మాత్రం సంఘాలకు చట్టబద్ధమైన అధికారం, ఏటా కచ్చితమైన నిధి ఇస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలను చూసినవారికి ఇందులోని కష్టనష్టాలు తెలుసు. కాంట్రాక్టుల కోసం, పార్టీల కోసం సంఘాలు చీలిన గ్రామాలున్నాయి. అయినప్పటికీ ఏ కాలువ ఎక్కడ గండి పడుతుందో లష్కరు కన్నా, ఇంజినీరు కన్నా ముందు చెప్పగలిగేది ఆ కాలువ కింద సేద్యం చేసేవాడే.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. పుదుచ్చేరికి చెందిన యానాం గౌతమీ తీరాన ఉన్నందున అక్కడా స్నానఘట్టాలు, రోడ్లు, విద్యుద్దీపాల కోసం కేటాయింపులు తప్పవు. ఆ బడ్జెట్‌లోనే బంగారు కాలువకూ, ఊసుడు చెరువుకు నీరు తెచ్చే కాలువకూ ఒక పద్దు వేసి, పనిని ఆయకట్టు సంఘాలకు అప్పగించవచ్చు. ఏ ఏడాదికి ఆ ఏడాది పూడికతీత సెప్టెంబరులోగా పూర్తి కావాలి. అక్టోబరు రెండో పక్షానికి వానలు మొదలవుతాయి.