మన వాహనం – మన సంరక్షణ: స్లో నిలవని మోటారు సైకిలు

గత సంచికలో గొలుసు, పళ్ళచక్రాల అరుగుదల గురించి ముచ్చటించుకొన్నాము. ఆ తరువాత మాకు అందిన ఉత్తరాలలో అధికభాగం ఒకే బాధను రెండు విధాలుగా వినిపించాయి. ఉదయం వేళ పదిహేను కిక్కులు కొడితే గాని బండి స్టార్టు కావడం లేదన్నది ఒకటి. స్టార్టయినా, ఎక్సలేటరు వదలగానే ఆగిపోతున్నదన్నది మరొకటి. ఈ రెండింటికీ మూలం తరచుగా ఒకే చోట ఉంటుంది. కనుక ఈ మాసం రెండింటినీ కలిపి పరిశీలిద్దాము.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో చాలా వరకు కార్బురేటరు స్థానాన్ని ఇంజెక్షన్ పద్ధతి ఆక్రమించింది. అయినా మన గేటు వద్ద బళ్ళ స్టాండులోకి ఒకసారి తొంగి చూడండి. స్ప్లెండర్లు, పాత పల్సర్లు, బుల్లెట్లు, అక్కడక్కడ ఒక ఆర్.ఎక్స్.100 నేటికీ నమ్మకంగా సేవ చేస్తున్నాయి. తగ్గిపోతున్నది వాటి గుణం తెలిసిన మెకానిక్కుల సంఖ్య. అందువల్ల వాటి సంగతి యజమానికే కొంత తెలిసి ఉండడం ఇప్పుడు అవసరమైంది.

స్లో నిలవకపోవడాన్ని చాలామంది చిన్న చికాకుగానే ఎంచుతారు. షిఫ్టు మారే వేళ గేటు ముందరి మలుపును ఊహించుకోండి. ఎక్సలేటరు తగ్గించి, వేగం తగ్గించి, ఎదుటి నుంచి వచ్చే లారీని చూసుకొని కుడివైపుకు తిరుగుతున్నారు. సరిగ్గా ఆ క్షణాన ఇంజను ఆగిందంటే బండి రోడ్డు నడుమ నిలబడిపోతుంది. సి షిఫ్టు ముగించుకొని నిద్రమత్తులో వచ్చే వారికి ఈ ప్రమాదం రెట్టింపు.

దీనికి సాధారణంగా జరిగే చికిత్స మనందరికీ తెలిసినదే. మెకానిక్కు ఒక స్క్రూడ్రైవరు తీసి, కార్బురేటరు పక్కనున్న స్లో స్క్రూను ఒకటి రెండు చుట్లు బిగిస్తాడు. ఇంజను గట్టిగా మ్రోగుతుంది. "సెట్టింగ్ చేశాను" అంటాడు. యజమాని సంతోషంగా ఇంటికి వెళతాడు. మా దృష్టిలో ఇది చికిత్స కాదు, రోగాన్ని కప్పిపుచ్చడం. ఎందుకో తెలియాలంటే కార్బురేటరు లోపలికి ఒక అడుగు వేయక తప్పదు.

కార్బురేటరులో ఇంజనుకు పెట్రోలు అందే మార్గం ఒక్కటి కాదు. ఎక్సలేటరు పూర్తిగా వదిలినప్పుడు పెట్రోలు పైలట్ జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క ద్వారా మాత్రమే వస్తుంది. 100 సి.సి. బళ్ళలో దాని రంధ్రం సుమారు 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే నాలుగైదు తలవెంట్రుకలు పక్కపక్కన పేర్చినంత వెడల్పు. ఎక్సలేటరు తిప్పిన కొద్దీ లోపలి స్లైడు పైకి లేచి, సూది, మెయిన్ జెట్ ఉన్న పెద్ద మార్గం తెరుచుకొంటుంది. స్లో స్క్రూ చేసే పని ఆ స్లైడును కాస్త పైకి ఎత్తి పట్టడమే. పైలట్ జెట్ పూడిపోయిన బండిలో స్లో స్క్రూను బాగా బిగిస్తే ఇంజను పెద్ద మార్గం నుంచి పెట్రోలు తాగుతూ ఎలాగో నడుస్తుంది. జెట్ మాత్రం పూడిపోయే ఉంటుంది. మరునాటి ఉదయం మళ్ళీ కిక్కులు తప్పవు. పైగా పెట్రోలు వృథా.

దీనిని నిర్ధారించుకొనే పరీక్ష సులభం. ఇంజను వేడెక్కిన తరువాత మిశ్రమం స్క్రూను, అంటే స్లో స్క్రూ కాక కార్బురేటరుపై ఉండే రెండవ చిన్న స్క్రూను, నెమ్మదిగా లోపలికీ వెలుపలికీ తిప్పి చూడండి. ఎటు తిప్పినా ఇంజను ధోరణిలో ఏ మార్పూ లేదంటే అది పైలట్ మార్గం మీద నడవడం లేదన్న మాట. ఇక సెట్టింగులు ఎన్ని చేసినా ప్రయోజనం లేదు. కార్బురేటరు విప్పి శుభ్రం చేయవలసిందే.

అయితే విప్పడానికి ముందు వరుసగా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మన విభాగంలో ఒక పంపు ఆగితే ఒకేసారి నాలుగు భాగాలు మార్చము కదా. ఒకటి చూసి, ఫలితం రాసుకొని, తరువాతి దానికి వెళతాము. బండి విషయంలో ఈ క్రమశిక్షణను ఇంటి గుమ్మం దగ్గరే వదిలివేయడం మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

స్టార్టు కాని బండికి మొదటి సాక్షి ప్లగ్గు. పది కిక్కుల తరువాత దానిని విప్పి చూడండి. కొన పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరుకు చేరడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు చేరుతున్నది గాని మండడం లేదు. అయితే నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువై ముంచెత్తింది. పొడి మసి నల్లగా పట్టి ఉంటే మిశ్రమం చిక్కగా ఉన్నదని, తెల్లగా పాలిపోయి ఉంటే పలుచగా ఉన్నదని గ్రహించాలి. ఈ ఒక్క పరిశీలన వెదకవలసిన చోటును సగానికి తగ్గిస్తుంది.

ప్లగ్గు పొడిగా ఉంటే ట్యాంకు నుంచి మొదలుపెట్టండి. కుళాయి సంగతి చెప్పనక్కరలేదు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది దుమ్ముతో పూడితే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. బండి నాలుగైదు కిలోమీటర్లు చక్కగా పోయి ఆగిపోతుంది. కొంతసేపటికి మళ్ళీ స్టార్టవుతుంది. అలా ఆగినప్పుడు మూత తెరిస్తే 'సుయ్'మన్న శబ్దం వినిపిస్తుంది. అదే రుజువు. తరువాత కార్బురేటరు అడుగునున్న ఫ్లోటు గిన్నె డ్రెయిను స్క్రూను వదులు చేసి, వచ్చే పెట్రోలును ఒక గాజు సీసాలో పట్టండి. నీరు ఉంటే అడుగున వేరుగా నిలుస్తుంది. వర్షాకాలంలో ఆరుబయట నిలిపే బళ్ళలో ఇది తరచు కనిపిస్తుంది.

ఇక్కడ ఇథనాల్ విషయం చెప్పుకోవాలి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 2025లో సగటున 20 శాతానికి చేరుకొన్నది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకొంటుంది. ఒక హద్దు దాటితే ఆ నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పొరగా చేరతాయి. ట్యాంకు అడుగునుంచే కదా కార్బురేటరుకు పెట్రోలు దిగేది! మరొక సంగతి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాల్‌కు 9 పాళ్ళు చాలు. ఇంజెక్షన్ బండిలో కంప్యూటరు ఈ తేడాను చాలా వరకు సవరించుకొంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. దాని జెట్లు పాత పెట్రోలుకు కొలిచి పెట్టినవి గనుక మిశ్రమం కొంత పలుచనవుతుంది. చల్లని ఉదయాలలో పాత బళ్ళు మొరాయించడానికి ఇదొక కారణం. మిశ్రమం స్క్రూను చిక్కన వైపు పావు చుట్టు సవరిస్తే చాలా సందర్భాలలో సరిపోతుంది. అన్నట్టు, పాత రబ్బరు గొట్టాలు, ఓ-రింగులు కొన్ని ఇథనాల్‌కు ఓర్వలేవు. అవి ఉబ్బి, పగిలి కారడం మొదలుపెడితే వెంటనే మార్చివేయాలి.

ప్లగ్గు తడిగా ఉంటే నిప్పురవ్వను పరీక్షించాలి. ప్లగ్గును దాని మూతకు తగిలించి, లోహభాగాన్ని ఇంజను హెడ్డుకు ఆనించి కిక్కు కొడితే గట్టి నీలిరంగు రవ్వ కనిపించాలి. ప్లగ్గును విప్పిన రంధ్రానికి దూరంగా ఉంచండి. అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి బయటకు చిమ్ముతుంది. గిన్నె నుంచి పట్టిన పెట్రోలు సీసా చుట్టుపక్కల ఉండకూడదు. కొన్ని బళ్ళు చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టయి, వేడెక్కి ఆగాక అరగంట వరకు మాట వినవు. అటువంటి వాటిలో రవ్వను బండి మొరాయించిన ఆ నిమిషంలోనే చూడాలి. చల్లారాక చూస్తే కాయిలు నిర్దోషిగా కనిపిస్తుంది. రవ్వ బాగుండి ప్లగ్గు మాత్రం తడిసి ఉంటే, ప్లగ్గును తుడిచి పెట్టి, చోక్ తీసివేసి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టుకొని నాలుగైదు కిక్కులు కొట్టండి. అదనపు పెట్రోలు వెళ్ళిపోతుంది.

చోక్ వాడకంలోనూ ఒక మెలకువ ఉంది. కొన్ని కార్బురేటర్లలో చోక్ గాలిదారిని మూసే పలక. ఆర్.ఎక్స్.100 వంటి వాటిలో అది అదనపు పెట్రోలును వదిలే చిన్న ప్లంజరు. ఈ రెండవ రకం పనిచేయాలంటే ఎక్సలేటరు పూర్తిగా మూసి ఉండాలి. చోక్ లాగి, ఎక్సలేటరు తిప్పుతూ కిక్కు కొట్టేవారు ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరొక చేత్తో తీసివేస్తున్నారన్నమాట.

స్టార్టయి స్లో నిలవని బళ్ళలో పైలట్ జెట్ తరువాతి అనుమానితుడు గాలి లీకు. కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు గొట్టం లేక ఓ-రింగు పగిలితే లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. ఎక్సలేటరు వదిలాక కూడా ఇంజను వెంటనే దిగక, కొంతసేపు మ్రోగి, తరువాత ఒక్కసారిగా పడిపోవడం దీని లక్షణం. మా సహోద్యోగి ఒకరికి ఒక మరమ్మతు దుకాణంలో కార్బురేటరే మార్చాలని చెప్పారు. మూడు వారాల వ్యవధిలో అప్పటికే రెండుసార్లు సెట్టింగుకు డబ్బు తీసుకొన్నారు. ఆయన బండిని మా వద్దకు తెచ్చినప్పుడు, నడుస్తున్న ఇంజను మీద ఆ జాయింటు చుట్టూ కొద్దిగా నీళ్ళు పిచికారీ చేశాము. ఒక చోట నీరు పడగానే ఇంజను చప్పుడు మారింది. రబ్బరు అడుగువైపు గోరంత పగులు. కొత్త రబ్బరుతో కథ ముగిసింది, కార్బురేటరు పాతదే. ఈ పరీక్షకు కొందరు పెట్రోలు చల్లుతారు. వేడి సైలెన్సరు పక్కన ఆ సాహసం ఎవరూ చేయవద్దని మనవి.

ఇక ట్యాపెట్ల సంగతి. ఫోర్ స్ట్రోకు ఇంజనులో వాల్వుకూ రాకరుకూ మధ్య మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన సందు ఉంచాలి. ఆ సందు పెరిగితే టకటక చప్పుడు వస్తుంది. యజమానికి ఆ చప్పుడు నచ్చదు. "చప్పుడు పోవాలి" అంటాడు. మెకానిక్కు పూర్తిగా బిగిస్తాడు. చప్పుడు పోతుంది, దానితోపాటు స్లో కూడా పోతుంది. ఇంజను వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషను జారిపోతుంది. కిక్కు మెత్తగా దిగుతుంది. కొద్దిపాటి టకటక ఆరోగ్యానికి గుర్తు, నిశ్శబ్దాన్నే అనుమానించాలి అని మేము అంటుంటాము. కొలత ఎంత అన్నది మీ బండి పుస్తకంలో చూసి, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఫీలరు గేజితోనే పెట్టించండి. టూ స్ట్రోకు బళ్ళలో ట్యాపెట్లు ఉండవు. వాటిలో క్రాంకు ఆయిలు సీలు అరిగితే ఇదే విధంగా గాలి లీకై స్లో నిలవదు.

కార్బురేటరు విప్పవలసి వస్తే ఒకే ఒక నిషేధం. జెట్లలో తీగ, పిన్ను, సూది ఏదీ దూర్చకూడదు. ఇత్తడి మెత్తనిది. రంధ్రం కొద్దిగా పెరిగినా అందులోంచి పోయే పెట్రోలు లెక్క మారిపోతుంది, ఆ తరువాత ఏ సెట్టింగూ కుదరదు. శుభ్రపరిచే ద్రవంలో నానబెట్టి గాలి ఊదించాలి. గాలి పట్టేటప్పుడు కళ్ళద్దాలు ధరించాలని భద్రతా విభాగం వారు చెప్పేది ఇక్కడా వర్తిస్తుంది.

అన్నీ సరిచేశాకనే స్క్రూల వంతు. బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించి, ఆరుబయట నిలపండి. మూసిన వరండాలో వద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మిశ్రమం స్క్రూ ఇంజను వైపు ఉంటే అది పెట్రోలును నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే మిశ్రమం పలుచనవుతుంది. ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పడం వల్లే సగం బళ్ళు చెడిపోతున్నాయి. ముందుగా అది ఇప్పుడు ఎన్ని చుట్ల మీద ఉన్నదో లెక్కించి రాసుకోండి. లోపల ఆనేవరకు తిప్పేటప్పుడు బలం వాడవద్దు, కొన విరుగుతుంది. పుస్తకంలో చెప్పిన చుట్ల దగ్గర నుంచి కొద్దికొద్దిగా అటూ ఇటూ జరుపుతూ ఇంజను ఎక్కడ అత్యధిక వేగంతో, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపండి. అప్పుడు స్లో స్క్రూతో వేగాన్ని తగ్గించండి. స్ప్లెండర్ వంటి 100 సి.సి. బళ్ళకు నిమిషానికి సుమారు 1400 చుట్లు తగిన వేగం. చివరగా హ్యాండిలును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడండి. వేగం పెరిగితే ఎక్సలేటరు కేబులు బిగుతుగా ఉన్నట్టు. దానికి కొద్దిగా వదులు ఇవ్వకుండా బండిని రోడ్డెక్కించరాదు.

దీర్ఘకాలం సెలవు మీద ఊరికి వెళ్ళేవారు కుళాయి మూసి, ఫ్లోటు గిన్నెను ఖాళీ చేసి వెళ్ళడం మంచిది. నెలల తరబడి నిలిచిన పెట్రోలు జిగురుగా మారితే మొదట పూడేది పైలట్ జెట్టే. కుళాయి మూసినా నిలిపిన బండి నుంచి పెట్రోలు వాసన వస్తుంటే కుళాయి వాషరును, తెరిచినప్పుడు మాత్రమే గొట్టం నుంచి చుక్కలు పడుతుంటే ఫ్లోటు సూదిని మార్పించండి.

క్లచ్ జారడం గురించి ఇద్దరు పాఠకులు అడిగిన ప్రశ్నలను వచ్చే సంచికలో చూద్దాము.