లెక్కకు రాని పరుగు

పిల్లలూ! నాలుగు రోజులు పరుగెత్తి, అయిదోనాడు "నా వల్ల కాదు" అని మానేసినవారు మీలో ఉన్నారా? అయితే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి వినండి.

ఆమెది 100 మీటర్ల హర్డిల్స్ పందెం. దారికి అడ్డంగా నిలిపిన పది కంచెలను దూకుతూ పరుగెత్తాలి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఆమె 13.09 సెకన్లలో గమ్యం చేరింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా రికార్డు దక్కలేదు! ఎందుకని? వెనకనుంచి వీచే గాలి మనిషిని ముందుకు తోస్తుంది గదా! ఆ గాలి వేగం సెకనుకు 2 మీటర్లు మించితే పరుగు రికార్డు లెక్కకు రాదు. ఆనాటి గాలి 2.1 మీటర్లు!

జ్యోతి మానలేదు. మరుసటి నెలలోనే సైప్రస్ దేశంలో 13.23 సెకన్లలో పరుగెత్తి రికార్డు సాధించింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణపతకం గెలిచింది. ఎంత సమయంలో అనుకున్నారు? సరిగ్గా ఆ 13.09 సెకన్లలోనే!

సముద్రపుగాలి ఎదురు వీచేనాడు బీచి రోడ్డు మీద మీ పరుగూ మందగిస్తుంది. దిగులుపడకండి. ఆయాసం వస్తే కాస్త నడిచి, మళ్లీ పరుగెత్తండి. గడియారం మెచ్చుకోకపోయినా, మీ గుండెకూ కాళ్లకూ చేరిన బలం ఎక్కడికీ పోదు. రేపు మళ్లీ బయలుదేరండి మరి!