కళ్ళజోడు సంచిలో ఉండిపోయింది

మా నాన్న పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. కిందటేడు, ఎనభై నాలుగేళ్ళ వయసులో, పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. అంతా బాగుందన్నారు. రెండో రాత్రి ఆయన దుప్పటిని ఉత్తరాల్లా మడతలు పెడుతూ, "రన్నర్ ఇంకా రాలేదేమిటి, సంచి కట్టాలి" అనడం మొదలుపెట్టారు. నన్ను చూసి "ఎవరమ్మా మీరు, మనియార్డరా?" అన్నారు. సెలైన్ సూది పీకేసుకున్నారు. రాత్రి డ్యూటీవాళ్ళు గుడ్డతో చేతులు రెండూ మంచానికి కట్టేశారు. పక్క మంచం ఆవిడ "సంధి కొట్టిందమ్మా" అంది. చూడ్డానికొచ్చిన బంధువొకాయన "వయసైపోయింది, ఇక మతి నిలవదు" అని తేల్చేశాడు.

మా తమ్ముడి కూతురు కనెక్టికట్‌లో ఉంటుంది. శనివారాలు అక్కడో ఆస్పత్రికి వాలంటీరుగా వెళ్తుంది. ఫోన్ చేస్తే మందుల పేర్లు అడుగుతుందనుకున్నాను. "అత్తా, తాతయ్య కళ్ళజోడు ఎక్కడుంది?" అంది. ఎక్కడైనా పోతుందేమోనని సంచిలో దాచాం. చెవి మిషనూ, కట్టుడుపళ్ళూ అందులోనే. "ఆయనకి గడియారం కనబడుతోందా? పగలు లేపి కూర్చోబెడుతున్నారా? నిన్నటినుంచి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు?" ముప్పై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగిన టీచర్ని. ఆ రాత్రి ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను.

మనం సంధి అనేదాన్నే డాక్టర్లు డెలీరియం అంటారు. ఇది మతిమరుపు జబ్బు కాదు. అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా ముదురుతుంది. ఇది గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ముంచుకొస్తుంది. పొద్దున తేరుకున్న మనిషి చీకటిపడేసరికి మళ్ళీ మారిపోతాడు. అరిచేవాళ్ళకే వస్తుందనుకోవడమూ పొరపాటే. ఉలుకూ పలుకూ లేకుండా మగతగా పడున్న మనిషినీ ఇదే పట్టి ఉండొచ్చు. మనం మాత్రం "పాపం, ప్రశాంతంగా పడుకున్నారు" అనుకుంటాం. దీని వెనక ఇన్ఫెక్షనో, ఏదో మందో, ఒంట్లో నీరు తగ్గడమో, మూత్రం ఆగిపోవడమో ఉంటుంది. అందుకే మనిషి తేడాగా కనిపించిన క్షణమే డాక్టరుకి చెప్పాలి.

మా మేనకోడలు చేసే పని ఆ కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లోనే పుట్టింది. 1993లో యేల్ వైద్యురాలు షారన్ ఇనోయె అక్కడి ఆస్పత్రిలో 'హాస్పిటల్ ఎల్డర్ లైఫ్ ప్రోగ్రామ్' మొదలుపెట్టారు. తికమక, నిద్రలేమి, కదలకపోవడం, చూపు ఆనకపోవడం, చెవి వినబడకపోవడం, నీరు తగ్గడం: ఈ ఆరింటినీ ముందే పట్టుకోవడం దాని పద్ధతి. శిక్షణ పొందిన వాలంటీర్లు రోజూ వచ్చి ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో బోర్డు మీద రాసి చెబుతారు. కళ్ళజోడు పెడతారు. దగ్గరుండి తాగిస్తారు, తినిపిస్తారు, నడిపిస్తారు. రాత్రి నిద్రమాత్రకు బదులు గోరువెచ్చని పాలు, మెల్లని సంగీతం, వీపు నిమరడం. ఇవన్నీ మా అమ్మమ్మకి తెలిసిన వైద్యాలే. వాళ్ళు వీటిని లెక్కగట్టి చూపించారు. 70 ఏళ్ళు దాటిన 852 మంది మీద చేసిన అధ్యయనం 1999లో అచ్చయింది. మామూలు వైద్యం అందినవాళ్ళలో 15 శాతానికి డెలీరియం వస్తే, ఈ సేవ అందినవాళ్ళలో 9.9 శాతానికే వచ్చింది. కానీ ఒకసారి వచ్చాక దాని తీవ్రతను ఈ సేవ తగ్గించలేకపోయింది. కాబట్టి చేసేదేదో మంచమెక్కిన రోజే మొదలుపెట్టాలి.

"మనకి వాలంటీర్లెందుకు, ఇంటిల్లిపాదీ మంచం చుట్టూనే ఉంటాం కదా" అనొచ్చు. నేనూ మంచం పక్కనే ఉన్నాను. ఉండి కళ్ళజోడు దాచాను. కదలొద్దని కసిరాను. రన్నరెవరూ లేడని ఆయనతో వాదించాను. రాత్రి రెండింటిదాకా ఫోన్‌లో అందరికీ సమాచారం చెబుతూ ఆయన్ని నిద్రపోనివ్వలేదు. ప్రేమకి కొదవలేదు, పని తెలియలేదు. చైనాలోని చెంగ్డూలో ఇదే పద్ధతిలో ఇంటివాళ్ళనీ కలుపుకొని 281 మంది ఆపరేషన్ రోగుల మీద పరీక్షించారు. ఆ సేవ అందినవాళ్ళలో 2.6 శాతానికి డెలీరియం వస్తే, అందనివాళ్ళలో 19.4 శాతానికి వచ్చింది. 2020లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి, తోడెవరూ లేనివాళ్ళ సంగతేమిటి? తిరుమలలో శ్రీవారి సేవకి మనవాళ్ళు సొంత ఖర్చులతో వెళ్ళి, క్యూలైన్లలో భక్తులకి మంచినీళ్ళు అందిస్తారు. పుట్టపర్తి ఆస్పత్రిలో సేవాదళ్ వాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. సేవ చేసే చేతులు మనకి తక్కువ లేవు. వాటికి వార్డు పని నేర్పాలి. మందుల జోలికి పోకూడదని, మింగగలరని సిస్టరు చెప్పందే నోట్లో చుక్క పొయ్యకూడదని, తేడా కనబడితే ఎవరికి చెప్పాలో నేర్పాలి. ప్రభుత్వాస్పత్రుల ఎముకల వార్డుల్లో మొదలుపెట్టమని నా మనవి. నాలాంటి రిటైర్డు టీచర్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, అడిగితే వస్తాం.

కళ్ళజోడు పెట్టగానే నాన్నకి తగ్గిపోయిందని చెప్పను. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని కనిపెట్టి డాక్టర్లు మందిచ్చారు. నాలుగైదు రోజులకి మనుషుల్ని గుర్తుపట్టారు. రన్నర్ సంగతి ఆయనకి గుర్తులేదు. చేతులు కట్టేసింది మాత్రం గుర్తుంది. "నేనేం తప్పు చేశానమ్మా?" అని ఇప్పటికీ అడుగుతారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే కళ్ళజోడు, చెవి మిషను మర్చిపోకుండా సంచిలో పెట్టుకోండి. చేర్చాక వాటిని సంచిలోంచి బయటికి తీయండి.