కర్తను మార్చి చూడండి

"అమ్మా, ఇందులో ఎక్స్ లేదే! మరి కనుక్కోవలసింది ఏమిటి?"

మొన్నో సాయంత్రం పులుసు దించుతుంటే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నోట్సు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అందులో ఉన్నది జ్వరం లెక్క. ఫారన్‌హీటులోంచి 32 తీసేసి, 5తో గుణించి, 9తో భాగిస్తే సెంటీగ్రేడు వస్తుంది. సూత్రం అలా ఇచ్చి, దాన్నే తిప్పి ఫారన్‌హీటుకు రాయమన్నారు. పిల్ల 32ను అటు వేసింది, 9ని ఇటు తెచ్చింది, మామూలు ఒంటివేడి 37 డిగ్రీలకు జవాబు 124 అని తేల్చింది.

"ఆ జ్వరానికి మనిషి బతికుంటాడటే?" అన్నాను. దానికీ నవ్వొచ్చింది. కానీ తప్పెక్కడ జరిగిందో దానికి తెలియలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకూ తెలియలేదు.

పిల్ల పడుకున్నాక ఆ నోట్సు ముందేసుకుని కూర్చున్నాను. చీర కట్టుకునేటప్పుడు ముందు కుచ్చిళ్లు, తర్వాత పైట, ఆఖర్న పిన్ను. విప్పేటప్పుడు ముందు పిన్ను తియ్యాలి. పిన్ను తియ్యకుండా కుచ్చిళ్లు లాగితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ లెక్కా అంతే. ఆఖర్న చేసింది 9తో భాగించడం కనుక ముందు 9తో గుణించాలి. తర్వాత 5తో భాగించాలి. మొట్టమొదట తీసేసిన 32ను ఆఖర్న కలపాలి. 37ను 9తో గుణిస్తే 333, 5తో భాగిస్తే 66.6, దానికి 32 కలిపితే 98.6. మన థర్మామీటరు చెప్పే అంకే. మా పిల్ల 32ను ముందే కలిపేసి, తర్వాత గుణించింది. అంటే పిన్ను తియ్యకుండా కుచ్చిళ్లు లాగిందన్నమాట.

చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు దీన్ని "కర్తను మార్చడం" అనేవారు. సూత్రంలో సమానం గుర్తుకు ఎడమ పక్కన ఒంటరిగా నిలబడ్డది కర్త. దాని విలువ చెప్పడానికే మిగతావన్నీ కుడి పక్కన కష్టపడుతుంటాయి. ఆ పీట మీద ఇంకొకరిని కూర్చోబెట్టడమే కర్తను మార్చడం. మేమంతా దాన్ని "అటు వేస్తే గుర్తు మారుతుంది" అని చిలకపలుకులా వల్లించాం. ఎందుకు మారుతుందో అడిగిన పాపాన పోలేదు. నిజానికి ఏదీ అటు గెంతదు, ఇటు గెంతదు. సమానం గుర్తంటే కాటా ముల్లు. ఒక పళ్లెంలోంచి ఎంత తీస్తే రెండో పళ్లెంలోంచీ అంతే తియ్యాలి. ఒక పక్క రెట్టింపు చేస్తే రెండో పక్కా చెయ్యాలి. ఈ ఒక్క ముక్క పట్టుబడితే ఇక వల్లించడంతో పని లేదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో ఈ వెనక్కి నడిచే పద్ధతి ఉంది. ఆ పుస్తకంలో చాలా లెక్కలు ఆయన ఒక అమ్మాయిని పిలిచి అడిగినట్టే ఉంటాయి. మన తెలుగులోనూ పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లోకి తెచ్చి దాదాపు తొమ్మిది వందల ఏళ్లవుతోంది. అంత పాత చదువు మన ఇళ్లలో ఆడపిల్ల దగ్గరకొచ్చేసరికి "నీకెందుకులే" అయిపోయింది.

నా సంగతే చెబుతాను. టెక్కలిలో పదో తరగతి పాసయ్యాక ఇంటర్లో ఎంపీసీ తీసుకుంటానన్నాను. "లెక్కల్లో మార్కులు తగ్గితే డిగ్రీ కూడా ఉండదు, హాయిగా సీఈసీ తీసుకో" అన్నారు ఇంట్లో పెద్దలు. తీసుకున్నాను. డిగ్రీ వచ్చింది, పెళ్లయింది, పలాస వచ్చాను, కథలు రాస్తున్నాను. లోటేమీ లేదు. కానీ సూత్రం కనబడితే కాగితం మడిచి అవతల పెట్టేసే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ అలవాటు ఖరీదు ఎంతో ఈమధ్యే రెండు సంగతుల్లో తెలిసింది.

మొదటిది మా వీధి చివర ఇంట్లో అప్పది. పలాస కాశీబుగ్గల్లో వందలాది ఆడవాళ్లలాగే ఆమె కూడా జీడిపప్పు పనికి వెళ్తుంది. 240 రకం, 320 రకం అంటే ఏమిటో ఆమెను చూసే నేర్చుకున్నాను. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల తూకానికి 320 పలుకుల దాకా తూగితే అది 320 రకం. అంకె పెరిగేకొద్దీ పలుకు చిన్నది. 320 రకంలో పలుకు గ్రామున్నర కూడా ఉండదు, 180 రకంలో రెండున్నర గ్రాములు ఉంటుంది. ఈ తిరగేసే లెక్క ఆమె చూపులోనే ఉంది. దోసిట్లో పప్పు పోస్తే రకం చెప్పేస్తుంది.

అలాంటి మనిషి కూతురి పురుడుకని 20,000 రూపాయలు అప్పు చేసింది. నెలకు 2,500 చొప్పున పది నెలలు కట్టాలి. "నూటికి రెండున్నరేనమ్మా, ఎక్కువేటి కాదు" అన్నాడట ఇచ్చినాయన. వడ్డీ సూత్రం మనందరం చదివిందే. అసలును కాలంతో, రేటుతో గుణించి నూటితో భాగిస్తే వడ్డీ. అక్కడ కర్త వడ్డీ. అప్పిచ్చేవాడికి కావలసింది అదే కనుక సూత్రం ఆయన వైపు నుంచి రాసి ఉంది. తీసుకునే మనిషికి తెలియవలసింది రేటు. కర్తను మారిస్తే, వడ్డీని నూటితో గుణించి, అసలుతోను కాలంతోను భాగించాలి.

ఇద్దరం మా అరుగు మీద కూర్చుని వేశాం. కట్టేది మొత్తం 25,000. వడ్డీ 5,000. అసలు 20,000, కాలం పది నెలలు. అలా వేస్తే రేటు నూటికి నెలకు రెండున్నరే వస్తుంది. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. అయితే ప్రతి నెలా కట్టే 2,500లో 2,000 అసలు కిందకే పోతోంది కదా! మొదటి నెల ఆమె దగ్గర ఉన్నది 20,000. రెండో నెల 18,000. పదో నెల వచ్చేసరికి 2,000. పది నెలలకూ సగటు తీస్తే ఆమె చేతిలో ఉన్న అప్పు 11,000. సూత్రంలో అసలు చోట ఆ 11,000 వేస్తే రేటు నూటికి నెలకు నాలుగున్నర దాటింది. ఏడాదికి 54 రూపాయలు.

అప్ప కాసేపు మాట్లాడలేదు. "నూటికి పలుకులెన్నో సెప్పగలను గానీ సెల్లీ, నూటికి వడ్డీ ఎంతో తెలవలేదు" అంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని పడగొట్టాక మా చుట్టుపక్కల ఇలాంటి అప్పు చెయ్యని ఇల్లు నేనెరిగినంతలో తక్కువ. అవసరానికి అప్పు తప్పదు, కాదనను. ఎంతకు తెచ్చుకుంటున్నామో తెలిసి తెచ్చుకుందామనే నా మాట.

రెండోది అప్పుతో పోయేది కాదు. ఉద్దానంలో మా పిన్నిది. ఆమెకు 50 ఏళ్లు, 45 కిలోల మనిషి. ఉద్దానం కిడ్నీల సంగతి తెలియనివాళ్లు లేరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇలా ఏ ఊరికెళ్లినా ఆ మాట వినబడుతుంది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. శ్రీలంకలోను, నికరాగువాలోను కూడా ఇలాంటి జబ్బే పొలం పనులు చేసుకునేవాళ్లను పట్టి పీడిస్తోంది. అందుకే కాళ్లు కాస్త బరువెక్కినా మావాళ్లు రక్తం ఇచ్చి క్రియాటినిన్ చూపించుకుంటారు. పిన్నికి 1.2 వచ్చింది. పక్కనే 0.6 నుంచి 1.2 దాకా మామూలే అని అచ్చేసి ఉంది. చూసినవాళ్లు "నార్మలే" అన్నారు. పిన్ని కాగితం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది. ఒళ్లు నొప్పులకు మందుల షాపు నుంచి తెచ్చిన మాత్రలు వేసుకుంటూనే ఉంది.

ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన కాగితం చూడగానే "వయసెంతమ్మా? బరువెంత?" అని అడిగారు. చీటీ వెనక ఏదో లెక్క వేశారు. ఈసారి కాగితం మడవకుండా ఆ లెక్కేమిటని అడిగాను. పాపం విసుక్కోకుండా చెప్పారు.

1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు డాక్టర్లు అచ్చువేసిన సూత్రమట అది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణించాలి. నిమిషానికి కిడ్నీలు ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో సుమారుగా తెలుస్తుంది. అదే 1.2 క్రియాటినిన్ ఉన్న 25 ఏళ్ల, 70 కిలోల కుర్రాడికి అది 93. మా పిన్నికి 40.

అంకె ఒక్కటే, మనుషులు వేరు. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది కాబట్టి, కండ తక్కువున్న ఆడమనిషి రక్తంలో అది తక్కువే ఉండాలట. ఇప్పుడు 2021లో వచ్చిన కొత్త సూత్రంలో బరువు లేదు. దాంతో వేసినా పిన్నికి 55, కుర్రాడికి 86 వస్తుంది. పాత సూత్రం చిన్న ఒళ్లున్నవాళ్లకు కాస్త తగ్గించి చూపించవచ్చని డాక్టరుగారే చెప్పారు. ఏ సూత్రంతో వేసినా పిన్ని 60 లోపే ఉంది. 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే జబ్బు కింద లెక్క.

ఇంటికొచ్చాక పాత సూత్రానికి నేనే కర్తను మార్చాను. 60 రావాలంటే క్రియాటినిన్ ఎంత దాకా ఉండొచ్చు? 140లోంచి వయసు తీసేసి, బరువుతో, 0.85తో గుణించి, 72తోను 60తోను భాగించాలి. పిన్నికి 0.8 వచ్చింది. ఆ కుర్రాడికి 1.86. అంటే పిన్ని కాగితం మీద "మామూలు" అన్న హద్దు పిన్నిది కాదు. ఆమె హద్దు ఎప్పుడో దాటిపోయింది. అది చూసి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈ లెక్క ఆరు నెలల ముందు ఎవరైనా వేసి ఉంటే ఆ నొప్పి మాత్రలు అప్పుడే మానేసేది కదా!

ఇప్పుడు పిన్ని మాత్రలు మానేసింది, ఉప్పు తగ్గించింది, డాక్టరుగారిచ్చిన మందులు వాడుతోంది. మళ్లీ మూడు నెలలకు చేసిన పరీక్షలో అంకె ఇంకా దిగలేదు. "కాగితం మీద నార్మలని రాసుంది గదే, నాకేటి తెలుసు?" అంటుంది ఇప్పటికీ. ఆమెను ఏమనగలం?

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకమూ అప్పుడే మొదలైంది. చాలా సంతోషం. కానీ ఆసుపత్రి మెట్లెక్కాలంటే ముందు కాగితం మీది అంకెను అనుమానించాలి కదా. ఇంట్లో అందరి రిపోర్టులూ దాచేది, మాత్రలు గుర్తుచేసేది మనమే. అడగవలసిందీ మనమే. ఇంట్లో లెక్క వేసుకుని వైద్యం చేసుకోమని నేను చెప్పడం లేదు. వైద్యం డాక్టరుదే. రిపోర్టు చూపించేటప్పుడు "నా వయసుకి, నా ఒంటికి ఇది ఎంత?" అని ఒక్క మాట అడగండి. క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్ఆర్ కూడా వేసిమ్మని ల్యాబులో అడగండి.

డ్వాక్రా సంఘం సమావేశాల్లో వాయిదాలు వసూలు చేసుకుని లేచిపోకుండా ఒకరోజు అందరి బయటి అప్పులకూ రేటు కట్టి చూడండి. పదో తరగతి పాసైన పిల్ల ఒకతి ఉంటే చాలు, అరగంట పని. ఆ పిల్లకు తన చదువు దేనికి పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

ఇక మన ఆడపిల్లలు. "లెక్కలు రావు" అన్న మాట వాళ్ల ముందు అనకండి. అందరూ ఇంజనీర్లు కానక్కర్లేదు. ఎవరో తమ ప్రశ్నకు రాసుకున్న సూత్రాన్ని తిప్పి, తన ప్రశ్నకు జవాబు తీసుకోగలిగితే చాలు. కథలు రాసేదాన్ని కాబట్టి నాకు ఇది ఇంకోలా కూడా అర్థమవుతుంది. అదే ఇల్లు, అదే గొడవ. మామగారి వైపు నుంచి రాస్తే ఒక కథ, కోడలి వైపు నుంచి రాస్తే ఇంకో కథ. జరిగినది ఒక్క పిసరు మారదు, కానీ మనకు తెలిసేది మారిపోతుంది.

నిన్న రాత్రి మా అమ్మాయి మళ్లీ నోట్సు తెచ్చింది. ట్రెపీజియం వైశాల్యం సూత్రంలో ఎత్తుకు కర్త మార్చాలట. "ముందు పిన్ను ఏదో చూడు" అన్నాను. కాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుని, వైశాల్యాన్ని రెండుతో గుణించి, రెండు భుజాల మొత్తంతో భాగించింది. జవాబు సరిపోయింది. ఆ తర్వాత వచ్చే ఏడాది పదో తరగతి గురించి, ఆపైన ఏ గ్రూపు గురించి మాట్లాడుకున్నాం. నేనేమీ చెప్పలేదు. ఎంచుకోవలసింది అది.