దగ్గరే కదా!

"దగ్గరే కదా, హెల్మెట్ ఎందుకు?" ఈ మాట వినపడని ఇల్లు మనలో లేదు. ఈ మాట ప్రాణం తీసే మాట అని నేనంటాను.

పొద్దున మాట్టుతావణి బస్టాండు ముందర నిలబడి చూడండి. హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకొని బండి తోలేవాళ్లు కనపడతారు. పోలీసును చూడగానే అది తలకెక్కుతుంది, దాటగానే దిగిపోతుంది. అంటే జరిమానాకున్న భయం చావుకు లేదు. జరిమానా నాకు పడుతుంది, చావు మాత్రం ఇంకెవరికో వస్తుంది అని మన నమ్మకం.

లెక్క చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పినదాని ప్రకారం 2022లో మన తమిళనాడులో రోడ్డు ప్రమాదాల్లో 17,884 మంది చనిపోయారు. రోజుకు 49 మంది! సీట్లన్నీ నిండిన ఒక బస్సుకు ఇంచుమించు సమానం. రోజూ మాట్టుతావణిలో బయలుదేరే బస్సుల్లో ఒకటి మనుషులతో సహా తిరిగి రాకపోతే, ఇంక ఎవరైనా బస్సెక్కుతారా? ఆ 49 మంది ఒక్కొక్కరుగా, ఒక్కొక్క ఊళ్లో పోతున్నారు. అందుకే మనకు భయం పుట్టడం లేదు.

"నాకు బండి బాగా వచ్చు" అంటారు కొందరు. 1981లో ఓలా స్వెన్సన్ అనే స్వీడన్ పరిశోధకుడు అడిగితే, అమెరికా వాళ్లలో నూటికి 93 మంది, తోటివాళ్లలో సగంమందికన్నా తామే నేర్పుగా నడుపుతామన్నారు. నూటికి 93 మంది పై సగంలో ఎలా పడతారు? సరే, మీకు బాగానే వచ్చు. ఎదురొచ్చే లారీవాడి సంగతేమిటి?

"అంతా తలరాత" అంటారు ఇంకొందరు. అలాగైతే రాత్రి ఇంటికి తాళం ఎందుకు వేస్తారు?

అమ్మలారా, నాయనలారా! మీరు హెల్మెట్ పెట్టుకొని, వెనక పిల్లలను వట్టి తలతో కూర్చోబెడుతున్నారు. 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలని చట్టమే చెబుతోంది. పరీక్ష ఫీజుకు అప్పైనా చేసి కడతారు గదా, పిల్లవాడి తలకు ఒక హెల్మెట్ కొనలేరా?

గురువులకు ఒక మనవి. యూనిఫాం లేకుండా వస్తే మమ్మల్ని గేటు దగ్గరే ఆపుతారు. బండిమీద హెల్మెట్ లేకుండా వచ్చినా అలాగే ఆపండి. మాకు కోపం వస్తుంది. రానివ్వండి, కోపం నాలుగు రోజుల్లో పోతుంది.